ధ్యానాభ్యాసము

నా భార్య గతించిన పిమ్మట నాకు నిద్ర దూరమయ్యెను. హిందూపురమున మా యింటి అరుగుపై వేకువనే కూర్చుండి శ్వాసను గమనింప నారంభించితిని. రెండు శ్వాసలు గడచునో లేదో మనస్సు బెల్లపు ధరలకు, అప్పుల లెక్కలకు పరుగిడెడిది. పది దినములకే విసిగి మానితిని.

పిదప పనిమీద ధర్మవరమేగి, ఒక నేతగాని మగ్గము చెంత కూర్చుంటిని. పట్టుపోగు తెగెను. అతడు విసుగుకొనలేదు, పోగు నతికి మరల నాడెను విసరెను. గడియలో నట్లెన్నిమార్లో! మనస్సు చెదరుట దోషము కాదనియు, దానిని మరల తెచ్చుటయే అభ్యాసమనియు నాకప్పుడు తోచెను. ఎడతెగక చాలకాలము చేసిననే యది నిలుచునని పతంజలి యోగసూత్రములందును గలదు.

ఆ సాయంకాలము రైలు పెనుకొండ దాటునప్పటికి మరల కనులు మూసికొంటిని. తోటివారు కునుకనుకొనిరి కాబోలు!

ఇప్పుడు దినమునకు పది నిమిషములే, కాని తప్పను. నిద్ర యింకను పూర్తిగా రాలేదు; రాత్రి యనిన మాత్రము భయము లేదు.