చిత్రం ఆకును చూస్తుంది, ఊడను చూడదు
(సంఘం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన చేలను ఇప్పుడు ఆకాశం నుంచి కూడా కొలుస్తున్నారు. పంట నష్టం అంచనాల్లో, బీమా లెక్కల్లో ఉపగ్రహ చిత్రాల మాట పెరిగింది. దీన్ని గుడ్డిగా నమ్మొద్దు, గుడ్డిగా కాదనొద్దు. ముందు అర్థం చేసుకుందాం.

పచ్చని ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె ఎన్‌డీవీఐ. అది ఒకటికి దగ్గరయ్యేకొద్దీ పచ్చదనం దట్టమని లెక్క. 1972 నుంచి తిరుగుతున్న లాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలను కొత్తవాటి పక్కన పెడితే ఏ గుట్ట బోడయిందో, ఏ ఆయకట్టు బీడుపడిందో తెలుస్తుంది. ఇది మనకూ పనికొచ్చే సాక్ష్యమే.

కానీ ఏ ఉపగ్రహం అని అడగాలి. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం. ఎకరాకు 40 చుక్కలు పడతాయి. మోడిస్ చిత్రంలో చుక్క 250 మీటర్ల చదరం, అంటే 15 ఎకరాలు. అందులో మన చేను, పక్కోళ్ల బీడు, గట్టు మీది వేపచెట్టు అన్నీ కలిసి ఒకే అంకె. ఖరీఫ్‌లో మబ్బు కమ్మితే ఈ చిత్రాలకు నేలే కనబడదు.

అసలు చిక్కు అనంతపురం వేరుశనగ రైతుకు తెలుసు. ఊడలు దిగేటప్పుడు బెట్ట తగిలి, తర్వాత వాన పడితే ఆకు మళ్లీ పచ్చబడుతుంది. చిత్రంలో చేను కళకళలాడుతుంది. చెట్టు పీకితే కాయలుండవు. కలుపు కూడా పచ్చగానే కనబడుతుంది కదా!

అందుకే మన సాక్ష్యం మనమే పెట్టుకుందాం. గట్టు మీద ఒక రాయి గుర్తు పెట్టుకుని, అక్కడే నిలబడి, ఒకే దిక్కుకు, విత్తిన నాటి నుంచి 15 రోజులకోసారి ఫోన్‌తో ఫొటో తీద్దాం. తేదీ, స్థలం నమోదయ్యేలా చూసుకుందాం. బెట్ట తర్వాత చెట్లు పీకి, ఊడలు, కాయలు కనబడేలా మరో ఫొటో తీద్దాం. వడగళ్లు పడితే 72 గంటల్లో తెలపాలన్న ఫసల్ బీమా నిబంధన మరవొద్దు.

మన డిమాండ్లు మూడు. వేరుశనగకు చిత్రం ఒక్కటే ఆధారం కాకూడదు, పంటకోత ప్రయోగాలు రైతుల ఎదుటే జరగాలి. ఏ తేదీ చిత్రం, ఏ ఉపగ్రహానిదో గ్రామసభలో చూపాలి. రైతు తీసిన ఫొటోను సాక్ష్యంగా తీసుకోవాలి.

పైనుంచి చూసేవాళ్లు చూడనీ. నేల మీద నిలబడి చూసేది మనం. ఆ చూపుకీ లెక్కలో చోటుండాలి.