మిట్టపై నిలిచిన కారు

హైదరాబాదు రాతిగుట్టల నడుమ పెరిగిన నగరము. మాదాపూరున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఆ ప్రాంతమున మేడలు లేచినవి, బాటలు వెడల్పైనవి. కాని నేలలోని మిట్టపల్లములు మాత్రము పోలేదు. 2022లో తెరచిన షేక్‌పేట ఫ్లైఓవరు వంటి వంతెనల ఏటవాలులు వాటికి తోడైనవి. సాయంకాలము ఆఫీసులు విడుచు వేళ అట్టి ఎగువబాటపై కారు ఆగవలసివచ్చును. వెనుక మూరెడు దూరమున స్కూటరుపై తండ్రీ, బిడ్డా నిలిచియుందురు. క్లచ్చి గల కారు నడుపువారికి అప్పుడు గుండె దడదడలాడుట వింత కాదు.

కారు వెనుకకు జారుట ఇంజనులో బలము చాలక కాదు. బ్రేకునకును, యాక్సిలరేటరునకును కుడిపాదము ఒక్కటే. అది బ్రేకును విడిచి యాక్సిలరేటరును అందుకొనులోపల, ఇంజను బలము చక్రములకు చేరని క్షణమొకటి కలదు. ఆ క్షణమున బరువు కారును క్రిందికి లాగును. దానిని చేతిబ్రేకునకు అప్పగించినచో చిక్కు తీరును.

మేము చెప్పు పద్ధతి ఇది. ఆగినంతనే చేతిబ్రేకు గట్టిగా పైకి లాగవలెను. కదలవలసినప్పుడు క్లచ్చి పూర్తిగా త్రొక్కి మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు కొంచెము నొక్కి, క్లచ్చిని మెల్లమెల్లగా పైకి రానీయవలెను. ఇంజను స్వరము బరువెక్కును; కారు ముందుభాగము ఇంచుక లేచినట్లు తోచును. క్లచ్చి పట్టుకొన్నదనుటకు అదియే గుర్తు. ఎడమపాదము నచ్చటనే నిలిపి చేతిబ్రేకు దింపినచో కారు జారక ముందుకు సాగును. జారినట్లు తోచినచో వెంటనే క్లచ్చినీ, బ్రేకునూ త్రొక్కి, మరల మొదలిడవలెను.

క్లచ్చిని సగము త్రొక్కి, ఆ పట్టుపైననే కారును నిలిపియుంచుట కొందరికి అలవాటు. అందువలన క్లచ్చిపళ్లెము కాలి, అరిగిపోవును. కొన్ని క్రొత్త కార్లు కొద్ది క్షణములు తామే బ్రేకు పట్టియుంచును. ఆ వ్యవధి గడచిన పిదప భారము నడుపువారిదే.

ఆదివారము ఉదయమున, రద్దీ లేని చిన్న వాలుపై, అనుభవజ్ఞులను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అభ్యసించుట మేలు. వెనుకవారి హారను మన పాదమునకు ఆజ్ఞ కారాదు. రెండు క్షణముల ఆలస్యము ఎవరికిని నష్టము కాదు. రెండడుగుల జారుడు మాత్రము వెనుకనున్న బిడ్డకు ప్రమాదము.