మెయిల్‌కి చిన్న యాప్ చాలా, పెద్ద ప్రోగ్రామ్ కావాలా?

ఈ రోజు ఈమెయిల్ ప్రోగ్రామ్‌ల గురించి మాట్లాడుకుందాం. సింపుల్‌గా ఉండేది సరిపోతుందా, అన్నీ ఉన్నది పెట్టుకోవాలా?

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉండేది, గుర్తుందా? అది చిన్నది. ఆఫీస్‌తో వచ్చే ఔట్‌లుక్ పెద్దది. మెయిల్, క్యాలెండర్, కాంటాక్టులు అన్నీ అందులోనే. తర్వాత విండోస్ 10లో మెయిల్ యాప్ వచ్చింది. దానికి మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసి, అందరినీ కొత్త ఔట్‌లుక్ వైపు పంపిస్తోంది. అందుకే చాలామందికి ఈ ప్రశ్న మళ్లీ వచ్చింది.

మన వైజాగ్ సంగతే చూద్దాం. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు ఉందనుకోండి. అరైవల్ నోటీసు, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ, అన్నీ మెయిల్‌లోనే వస్తాయి. ఒక్క మెయిల్ కనపడకపోతే కంటైనర్ కదలదు, డెమరేజ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వీళ్లకి పెద్ద ప్రోగ్రామే కరెక్ట్. ఏ షిప్పింగ్ లైన్ మెయిల్ ఏ ఫోల్డర్‌లోకి వెళ్లాలో రూల్ పెట్టుకోవచ్చు. నాలుగు అకౌంట్లు ఒకేచోట చూసుకోవచ్చు.

అదే ఉక్కునగరంలో పనిచేసి రిటైరైన పెదనాన్నగారికి? బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు, మనవరాలి ఫొటోలు. ఫోన్‌లో జీమెయిల్ చాలు. యాభై బటన్లు చూపిస్తే ఆయన మెయిల్ తెరవడమే మానేస్తారు.

అయితే అసలు ప్రశ్న వేరే ఉంది. మీ మెయిల్ ఎక్కడ ఉంటోంది?

పాప్ సెట్టింగ్ అంటే పోస్టాఫీసుకెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చేసుకోవడం లాంటిది. సర్వర్‌లో కాపీ ఉంచమని టిక్ పెట్టకపోతే ఉన్నదంతా ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. హార్డ్ డిస్క్ పోతే మెయిల్ కూడా పోయినట్టే. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, ఫోన్‌లోనూ ఆఫీసులోనూ ఒకటే కనిపిస్తుంది. కానీ ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది. కాబట్టి అది బ్యాకప్ కాదండి.

ఇంకోటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక మన ఊళ్లో కరెంటూ, నెట్టూ రోజుల తరబడి లేవు. బ్రౌజర్‌లోనే మెయిల్ చూసేవాళ్లకి అలాంటప్పుడు పాత మెయిల్ కూడా అందడం కష్టం. థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో కూడా కాపీ ఉంచుతుంది. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంటే చాలు, నెట్ లేకపోయినా తెరిచి చదువుకోవచ్చు. పైగా ఉచితం.

కొత్త ఔట్‌లుక్‌లో జీమెయిల్ అకౌంట్ కలిపేటప్పుడు మీ మెయిల్‌ని మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి సింక్ చేస్తామని అడుగుతుంది. అది చదివి, ఒప్పుకుంటేనే నొక్కండి.

నా మాట ఏంటంటే, మెయిల్‌తో మీ డబ్బు ముడిపడి ఉంటే పెద్దది పెట్టుకోండి, లేకపోతే చిన్నదే హాయి. ఏది మార్చినా, ముందు ఈ రోజే అకౌంట్ సెట్టింగ్ తెరిచి పాపా, ఐమ్యాపా చూడండి. పాప్ అయితే ముందు మెయిల్ ఫైల్‌ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే పాత ప్రోగ్రామ్ తీసేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.