కత్తి కంటే ముందు కొలత



లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ 1949 నవంబరు 29న 45 ఏళ్ల మహిళకు శుక్లం తీశారు. ప్లాస్టిక్ లెన్స్ ఆమె కంట్లో శాశ్వతంగా కుదురుకున్నది 1950 ఫిబ్రవరి 8న. ప్రపంచంలో అదే మొదటిది. యుద్ధ కాలంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానపు ప్లాస్టిక్ ముక్కలను కన్ను భరించడం చూసి ఆయనకు ఆ ధైర్యం వచ్చింది. లెన్స్ నిలిచింది కానీ, ఆమెకు దాదాపు మైనస్ 20 డయాప్టర్ల హ్రస్వదృష్టి మిగిలింది. సహజ లెన్స్ వంపులనే ప్లాస్టిక్‌లో దించారు. ప్లాస్టిక్ కాంతిని అంతకంటే ఎక్కువగా వంచుతుంది. సర్జన్ చేయి తప్పలేదు, లెక్క తప్పింది.

కంట్లో పెట్టే లెన్స్ పవర్ లెక్కను 1980లో శాండర్స్, రెట్జ్లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు ఒక్క వరుసలోకి తెచ్చారు. లెన్స్ రకాన్ని బట్టి ఉండే ‘ఏ’ అనే స్థిరాంకంలోంచి, కంటి పొడవును 2.5తోనూ కార్నియా పవర్‌ను 0.9తోనూ హెచ్చవేసి తీసేయాలి. ‘ఏ’ 118.4, పొడవు 23.5 మిల్లీమీటర్లు, కార్నియా 44 డయాప్టర్లు అయితే, 20 డయాప్టర్ల లెన్స్ కావాలి. అదే కంటిని ఒక్క మిల్లీమీటరు తక్కువగా కొలిస్తే జవాబు 22.5! ఆ మనిషి ఇక జీవితాంతం దూరం చూడాలంటే కళ్లద్దాలు పెట్టుకోవలసిందే.

తర్వాతి సూత్రాలు ఎంతో మెరుగయ్యాయి. ఆస్ట్రేలియా వైద్యుడు గ్రాహం బారెట్ సూత్రం నేడు చాలా ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. అయినా లోపలికి వెళ్లే అంకె తప్పయితే ఏ సూత్రమూ కాపాడలేదు. అల్ట్రాసౌండ్‌తో కొలిచే రోజుల్లో, 1992లో డెన్మార్క్ వైద్యుడు థామస్ ఓల్సెన్ తప్పు ఎక్కడ పుడుతోందో లెక్కగట్టారు: 54 శాతం కంటి పొడవు కొలతలో, 38 శాతం లెన్స్ ఎంత లోతున కుదురుకుంటుందన్న అంచనాలో, 8 శాతం కార్నియా కొలతలో.

కాంతితో కొలిచే ఐఓఎల్ మాస్టర్ అనే యంత్రం 1999లో వచ్చాక పొడవు కొలత చాలా మెరుగుపడింది. కానీ బాగా ముదిరిన శుక్లంలోంచి కాంతి దూరదు. మన పల్లెల నుంచి ఆలస్యంగా వచ్చే పెద్దవాళ్లలో అలాంటి కళ్లు ఎన్నో. వారికి అల్ట్రాసౌండ్‌తో కొలిచే ఏ-స్కానే గతి. ప్రోబ్‌తో కార్నియాను కాస్త గట్టిగా నొక్కితే కన్ను పొట్టిదిగా కనిపిస్తుంది, లెన్స్ పవర్ ఎక్కువవుతుంది. రెటీనా ఆపరేషన్‌లో సిలికాన్ ఆయిల్ నింపిన కంట్లో ధ్వని నెమ్మదిస్తుంది. మామూలు వేగమే ఉంచి కొలిస్తే కన్ను ఉన్నదానికంటే పొడవుగా తేలుతుంది.

ఇక హ్రస్వదృష్టి పోగొట్టుకోవడానికి కార్నియాకు లాసిక్ లేజర్ చికిత్స చేయించుకున్నవారు. కళ్లద్దాలు వదిలించుకుని ఏళ్లు గడిచాక ఇప్పుడు శుక్లంతో వస్తున్నారు. కెరటోమీటర్ కార్నియా ముందు వంపును మాత్రమే చూసి, వెనుక వంపును ఊహిస్తుంది. లాసిక్ ఆ రెండు వంపుల నిష్పత్తిని చెరిపేసింది కాబట్టి కార్నియా పవర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. దానితో బలం తక్కువ లెన్స్ పడుతుంది. అందుకే ‘లాసిక్ చేయించుకున్నారా?’ అన్న ప్రశ్న ఏ యంత్రానికీ తీసిపోని పరికరం.

2009లో బ్రిటన్‌లో నిర్దేశించిన ప్రమాణం ప్రకారం, నూటికి 85 మంది అనుకున్న పవర్‌కు ఒక్క డయాప్టరు లోపు, 55 మంది అర డయాప్టరు లోపు ఉండాలి. మిగిలిన 15 మందిని చిన్న సంఖ్యగా చూడటం అన్యాయం. వారిలో ప్రతి కన్నూ ఎవరో ఒకరి బతుకు.

శుక్లం ఆపరేషన్‌లో పేరు సర్జన్‌కు వస్తుంది. ఫలితంలో పెద్ద వాటా కొలిచినవారిది. కాబట్టి, పట్టాలు అందుకుంటున్న ఆప్టోమెట్రీ విద్యార్థులారా, ఎంత రద్దీ ఉన్నా రెండు కళ్లూ కొలవండి, తేడా కనిపిస్తే మళ్లీ కొలవండి, పాత ఆపరేషన్ల గురించి అడగండి, కుడి ఎడమలు సరిచూడండి. అప్పుడే రిపోర్టు మీద సంతకం చేయండి.