బోలు అక్షరాల అందం

లోపల ఖాళీగా, అంచుగీతతోనే నిలిచే పాతకాలపు సరదా అక్షరాలు ఉత్త అలంకారం కాదు. దూరం నుంచే కంటిని పిలిచే సాధనాలు. లండన్‌లో అచ్చు అక్షరాల తయారీదారు విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815 నాటికే, వీటికి దగ్గరివైన, నీడ పడినట్టుండే అక్షరాలను అచ్చుకు తెచ్చాడు. గుండ్రటి మన లిపికి అంచుగీత ఇంకా బాగా నప్పుతుంది.

చదవడం కష్టమని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. చక్కెర ఫ్యాక్టరీతో పేరుకెక్కిన ఊరు ‘బోధన్’ పేరునే చూడండి: ‘ధ’ కింది చిన్న గీత అంచుల్లో కలిసిపోతే అది ‘బోదన్’, లోపల చుక్క పడితే ‘బోథన్’. తప్పు శైలిది కాదు, కొలతది. ఆ గీతను నిండుగా దిద్ది, అక్షరాన్ని పెద్దగా వేసి, శీర్షికలకే వాడితే చిక్కు తీరుతుంది. నిజామాబాద్ దుకాణం బోర్డుకైనా, పెళ్లిపత్రికకైనా ఇదే నియమం: ముందు పేరు తెలియాలి, ఆపైనే అందం.