ట్రాక్టరు బండి: సొంతమా? బాడుగా?



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది. కాని సేద్యపు కుటుంబముల అప్పుతో అది ముడివడియున్నది. ట్రాక్టరు వెనుక తగిలించు బండిని, అనగా ట్రైలరును, రైతు సొంతముగా కొనుట మేలా, పని పడినప్పుడు బాడుగకు తెచ్చుకొనుట మేలా అనునదే ఆ విషయము. ట్రాక్టరే లేనివారికి ఈ ప్రశ్న లేదు. వారు ట్రాక్టరును, బండిని, డ్రైవరును కలిపి నడకకు ఇంతయని మాట్లాడుకొందురు. ట్రాక్టరుండి బండి లేనివారిని గూర్చియే నేను చెప్పుచున్నాను.

మొదట బండికి మన యొద్ద గల పనియెంతో చూతము. శాంతిపురము, కుప్పము, రామకుప్పము, గుడుపల్లె మండలములలో సేద్యము చాలవరకు మెట్ట సేద్యము. వానను నమ్ముకొని వేరుసెనగయు, రాగియు; బోరుబావుల క్రింద టమాటాయు, మల్బరియు పండించుచున్నాము. వేసవిలో పేడ యెరువును, చెరువు మట్టిని పొలమునకు తోలుటకు బండి కావలెను. వేరుసెనగ పెరికిన తరువాత కట్టెను, రాగి కోసిన తరువాత కసువును ఇల్లు చేర్చుటకు కావలెను. ఇల్లు కట్టుకొను సంవత్సరము రాయికిని, ఇసుకకును కావలెను. టమాటా మాత్రము మదనపల్లె, వి.కోట మార్కెట్లకు టెంపోలమీదనే హెచ్చుగా పోవుచున్నది. కావున మూడు నాలుగు ఎకరముల రైతుకు సంవత్సరములో బండిపని పదునైదు దినములకు మించుట అరుదు.

ఇక లెక్కకు వత్తము. ధరలు ఊరూరికిని మారును గనుక నేను చెప్పు అంకెలను మాదిరిగా మాత్రమే తీసికొనుడు. మీ యూరి ధరలు వేసికొని మీరే మరల గుణించి చూచుకొనుడు. బండి వెల 2,00,000 రూపాయలనుకొందము. పదేండ్లు వాడి అమ్మిన 50,000 రూపాయలు వచ్చుననుకొందము. పోయిన 1,50,000 రూపాయలను పదేండ్లకు పంచిన, ఏటికి తరుగు 15,000 రూపాయలు. వడ్డీ మాట మరువరాదు. మొదటి వెలకును, చివరి వెలకును నడిమి మొత్తము 1,25,000 రూపాయలు. దానికి నూటికి పది వంతున ఏటికి 12,500 రూపాయలు. టైర్లు, మరమ్మతు, రంగు, బీమా అన్నియు కలిపి 7,500 రూపాయలు. మొత్తము ఏటికి 35,000 రూపాయలు. బండి కదలినను, చింతచెట్టు క్రింద నిలిచియున్నను ఇందులో చాలభాగము తప్పదు.

బాడుగ దినమునకు 700 రూపాయలైనచో, ఈ 35,000 రూపాయలకు ఏబది దినముల బాడుగ వచ్చును. అనగా ఏటికి ఏబది దినములకు మించి పని గలవాడు కొనవచ్చును. అంతకు తక్కువ గలవాడు బాడుగకు తెచ్చుకొనుటయే లాభము. పదునైదు దినముల పని గల రైతుకు బాడుగ ఖర్చు 10,500 రూపాయలు మాత్రమే. అతడు బండి కొన్నయెడల ఏటికి 24,500 రూపాయలు అదనముగా పోవును. అది నలుగురిలో గౌరవము కొరకు పెట్టిన ఖర్చేగాని సేద్యమునకు పెట్టిన ఖర్చు గాదు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై వస్తుసేవల పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. పన్ను తగ్గినంత మాత్రమున బండికి పని దినములు పెరుగవు గదా!

బాడుగలో చిక్కు లేదని నేననను. వేరుసెనగ కట్టె ఆరి కుప్పపడియుండగా మబ్బు పట్టినచో, ఊరివారందరికి ఒకేనాడు బండి కావలసివచ్చును. బాడుగ బండి మన అదను చూచి రాదు. ఒక్క వానకు కట్టె నల్లబడినచో పశువులకు మేత పోవును. ఆ నష్టము ముందు బాడుగ లెక్క యేపాటిది? పాడిపశువులు ఎక్కువగా నుండి దినమును మేత తోలుకొనువాడును, చెరువు మట్టి ప్రతి యేడు విరివిగా తోలుకొనువాడును సొంత బండి కొనుట తప్పు గాదు.

కొన్నవారిలో పలువురు చేయు ఆలోచన యొకటి కలదు: మన పని తీరిన తరువాత బండిని బాడుగకు త్రిప్పి కంతులు కట్టుదమని. ఇచ్చటనే మిక్కిలి జాగ్రత్త కావలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రైలరు కూడ మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను కావలెను. ట్రాక్టరుకు బీమా యున్నంత మాత్రమున బండికి ఉన్నట్లు గాదు. సేద్యమునకని తీసికొన్న బీమా, ఇటుకలకును ఇసుకకును బాడుగ తిరిగినప్పుడు అక్కరకు రాకపోవచ్చును.

2007లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పిన యొక వ్యాజ్యమును వినుడు. మట్టిపనికి పోయిన కూలి యొకడు ట్రాక్టరు బండి ప్రమాదములో గాయపడెను. ట్రాక్టరుకు బీమా కలదు, బండికి లేదు. జరిగిన పనియు సేద్యపు పని గాదు. కావున బీమా కంపెనీకి బాధ్యత లేదని కోర్టు నిర్ణయించినది. అయినను కూలి పేదవాడగుటచే, కంపెనీ ముందు సొమ్ము చెల్లించి, తరువాత యజమాని యొద్ద వసూలు చేసికొనవలెనని ఆజ్ఞాపించినది. కడపటి భారము యజమానిపైననే పడినదని గమనింపుడు.

మనుష్యులను బండిలో తరలించుట అంతకంటెను ప్రమాదము. 2018 జూన్ నెలలో తెలంగాణలోని వేములకొండ యొద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 ప్రాణములు పోయినవి. 2022 అక్టోబరు 1న కాన్పూరు ప్రాంతమున దేవళమునుండి మరలివచ్చుచున్నవారి ట్రాక్టరు బండి చెరువులో బోల్తాపడి 26 మంది మరణించిరి. వారిలో హెచ్చుమంది స్త్రీలును, పిల్లలును. బండి సరుకు కొరకు చేసినది. జాతరకైనను, పెండ్లికైనను, కూలికైనను అందులో జనమును ఎక్కింపనీయకుడు. ఈ కట్టుబాటు ఊరి పెద్దలైన మీ చేతిలోనిది.

బాడుగకు తెచ్చువారును కన్నులు మూసికొని తగిలించుకొనరాదు. కొక్కెమును, దాని చీలను, టైర్లను, వెనుక దీపమును, ఎఱ్ఱగా మెరయు బిళ్ళలను చూడవలెను. రిజిస్ట్రేషను, బీమా కాగితములను అడిగి చదువవలెను. మనము కర్ణాటక, తమిళనాడు ఎల్లల చెంతనున్నవారము. ఎల్ల దాటినచో కాగితముల అక్కర మరింత హెచ్చు. చాల బండ్లకు సొంత బ్రేకు లేదు. పల్లమునకు దిగునప్పుడు నిండు బండి ట్రాక్టరును వెనుకనుండి త్రోయును. అందుచే బరువు మితముగా నింపి, దిగకముందే తక్కువ గేరు వేసికొనవలెను.

సొంతమునకును బాడుగకును నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. ఒకే దారిలో పొలములున్న నలుగురు రైతులు కలిసి ఒక బండి కొనుట. నలువురికి పదునైదేసి దినములైన అరువది దినముల పని యగును. ఏటి ఖర్చు 35,000 రూపాయలను నాలుగు పాళ్ళు చేయగా ఒక్కొక్కరికి 8,750 రూపాయలు. బాడుగతో పోల్చిన 1,750 రూపాయలు మిగులును. మిగులు స్వల్పమే, కాని అదనునకు బండి తమ చెంతనుండుట గొప్ప లాభము. ముయ్యి పద్ధతిని ఒకరి పొలమున ఒకరు పనిచేసిన మనకు ఇది క్రొత్తది గాదు. ఫ్రాన్సు దేశమున రైతులు యంత్రములను కలిసి కొని వాడుకొను సహకార సంఘములకు 1945లో చట్టరూపము వచ్చినది. జర్మనీలోని బవేరియాలో 1958లో ఇరుగుపొరుగు రైతులు నిర్ణయించిన రేటుకు యంత్రములు ఇచ్చిపుచ్చుకొను సంఘము ఏర్పడినది. మన రాష్ట్రములోను 2022లో రైతు బృందములకు నూటికి 40 వంతులు రాయితీయు, 50 వంతులు బ్యాంకి అప్పును, 10 వంతులు బృందము వాటాగాను యంత్రము లిచ్చిరి.

అయితే పొత్తు బండి పేచీబండి కాకుండవలెనన్న నాలుగు మాటలు ముందే కాగితముపై వ్రాసికొనవలెను. మొదటిది, వంతుల వరుస. మబ్బు పట్టిననాడు ఎవరి కుప్ప ముందో కూడ వ్రాయవలెను. రెండవది, చెడగొట్టినవాడే బాగుచేయించుట. మూడవది, టైర్లకును బీమాకును నెలనెల కొంత దాచుట. నాలుగవది, రిజిస్ట్రేషను ఎవరి పేరనున్నదో, అతడు చనిపోయినను పొత్తు విడిపోయినను మిగిలినవారి పాలు ఎట్లు తేలవలెనో నిశ్చయించుట. ఈ కడపటి మాట లేకనే చాల పొత్తులు చెడుచున్నవి.

పెద్దలారా! మీ యూరి యువకుడు బండి కొందునని మీ సలహా కోరి వచ్చినచో, ముందు వెల యడుగకుడు. నీకు ఏటికి ఎన్ని దినముల పని కలదని యడుగుడు. ఆ దినములను అతనిచేతనే వ్రాయింపుడు. ఏబది దాటినచో ఆశీర్వదించి పంపుడు. దాటనిచో బాడుగ త్రోవనో, పొత్తు త్రోవనో చూపుడు. ఆ యొక్క ప్రశ్నచేత ఒక కుటుంబమునకు అప్పు తప్పినను అది మీరు చేసిన మేలే యగును.