కచేరీలలో విద్యుద్వ్యయము
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ఉద్యోగుల నుద్దేశించిన యుపన్యాసము)



మన యిరుతావుల కచేరీలలోను భోజనవేళ ఖాళీ కుర్చీలపై పంకాలు తిరుగుచుండుట మీరెరుగనిది కాదు. పాతరకపు పంకా ఒక్కొక్కటి 75 వాట్లది. అట్టివి 20 గంటసేపు వ్యర్థముగా తిరిగిన ఒకటిన్నర యూనిట్లు. 25 పనిదినములకు ముప్పదియేడున్నర. ఆ విద్యుత్తుతో 5 అశ్వశక్తుల బావి మోటారు ఇంచుమించు ఎనిమిది గంటలు నీరు తోడును. బోరునీటిపై బ్రతుకు నీ సీమలో ఇది స్వల్పమా?

చెంతనే నిజాంసాగరము కలదు గదా యందురు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆ యానకట్టకడ జలవిద్యుత్కేంద్రపు శక్తి 10 మెగావాట్లు మాత్రమే. అదియు నీరు వదలిననే నడచును. మన రాష్ట్రమునకు వలయు విద్యుత్తులో నధికభాగము బొగ్గు కాల్చియే పుట్టుచున్నది. గనిలో దిగినవాని శ్రమ ఖాళీగదిలో గాలియై పోవుచున్నది.

ఇక శీతలయంత్రములు. 2020 నుండి నక్షత్రముద్రగల యంత్రములు 24 డిగ్రీలకే అమర్పబడి వచ్చుచున్నవి. ఒక డిగ్రీ పెంచిన నూటికి ఆరువంతుల విద్యుత్తు మిగులునని కేంద్ర ఇంధనసామర్థ్య సంస్థవారి లెక్క. అయినను 18కి దించి శాలువ కప్పుకొను దొరలు కలరు!

"బిల్లు సర్కారుది గదా" యను మాట వినుట మిక్కిలి బాధాకరము. సర్కారన నెవరు? ఎల్లారెడ్డి రైతు, కామారెడ్డి బీడీకార్మికురాలు.

తలుపుపై నీతివాక్య మంటించిన చాలదు. గదికొక్కరిని పేరుతో నియమింపుడు. అందరును వెడలిన పిదప మీటలు ఆర్పబడినవో లేదో వారు చూడవలయును. పంకా చెడినచో 35 వాట్లకు మించని కొత్తరకమునే కొనుడు. ప్రతినెల బిల్లును అందరికి కనబడునట్లు గోడపై నుంచుడు.